పిరికితనాన్ని దాటి కృపావరాన్ని ధైర్యంగా వాడటం ఎలా? సంఘ నాయకులకు సమగ్ర మార్గదర్శి

సంఘంలో ఒక బాధ్యత చేతికి వచ్చాక చాలామందికి నిద్ర పట్టదు. యూత్ లీడర్‌గా పేరు చదివి ఉంటారు, సంఘ పెద్దగా ఎన్నుకుని ఉంటారు, లేదా పాస్టరు గారు "వచ్చే శుక్రవారం గృహ కూడికలో వాక్యం మీరే చెప్పండి" అని ఉంటారు. వెంటనే నోటికి వచ్చే మాట, "నాకెందుకండీ, పెద్దవాళ్లున్నారు కదా!" విన్నవాళ్లు ఎంత తగ్గింపు అని మెచ్చుకుంటారు కూడా. కానీ చాలాసార్లు లోపల ఉన్నది తగ్గింపు కాదు, భయం. తగ్గింపు ఉన్న మనిషి పని చేసి, ఘనత దేవునికి ఇస్తాడు. భయం ఉన్న మనిషి పనే చేయడు. తలాంతుల ఉపమానంలో ఒక్క తలాంతు తీసుకున్న దాసుడు చెప్పుకున్న కారణం కూడా ఇదే. భయపడి వెళ్లి దాన్ని భూమిలో దాచిపెట్టానన్నాడు (మత్తయి 25:25).

ధైర్యం వచ్చాక కృపావరాన్ని, అంటే సేవ కోసం దేవుడు మనకిచ్చిన సామర్థ్యాన్ని, వాడదాం అని కూర్చుంటే ఆ రోజు రాదు. చిన్న చోట, మిమ్మల్ని ప్రేమించేవాళ్ల మధ్య, తప్పు దిద్దేవాళ్ల ఎదుట వరాన్ని వాడుతూ ఉంటే ధైర్యం దానంతట అదే పెరుగుతుంది. కింద చెప్పిన మెట్లన్నీ ఈ నమ్మకం మీదే నిలబడ్డాయి.

ముందుగా తిమోతిని చూడండి

అపొస్తలుడైన పౌలు యువ సహచరుడు తిమోతిది లుస్త్ర ప్రాంతం. తల్లి విశ్వాసి అయిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు అతన్ని ఎఫెసులో ఉంచి, తప్పుడు బోధ చేసేవాళ్లను ఆపమన్నాడు (1 తిమోతి 1:3). ఎఫెసు అంటే అర్తెమి దేవి గుడి ఉన్న మహానగరం. పౌలు బోధ వల్ల తమ బతుకుదెరువు పోతుందని కంసాలి దేమేత్రి జనాన్ని రెచ్చగొడితే, ఊరంతా నాటకశాలలో చేరి రెండు గంటలసేపు కేకలు వేసింది (అపొస్తలుల కార్యములు 19). అలాంటి ఊళ్లో వయసులో చిన్నవాడు, తరచూ జబ్బుపడేవాడు (1 తిమోతి 5:23), తనకన్నా పెద్దవాళ్లను సరిదిద్దాలి.

తిమోతికి రెండో ఉత్తరం రాసేటప్పుడు పౌలు రోమా చెరలో ఉన్నాడు. అతను తిమోతిని ఎక్కడా తిట్టలేదు. ఆ మొదటి వచనాల వరుస గమనించండి. ముందు "నీ కన్నీళ్లు నాకు గుర్తున్నాయి" అంటాడు. తర్వాత అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్న విశ్వాసాన్ని గుర్తు చేస్తాడు. ఆ తర్వాతే, చేతులుంచి ప్రార్థించినప్పుడు కలిగిన కృపావరాన్ని ప్రజ్వలింపజేయమంటాడు. అప్పుడు వస్తుంది మనకందరికీ కంఠతా వచ్చిన మాట: "దేవుడు మనకు శక్తియు ప్రేమయు, ఇంద్రియ నిగ్రహమునుగల ఆత్మనే యిచ్చెను గాని పిరికితనముగల ఆత్మ నియ్యలేదు" (2 తిమోతి 1:7).

తిమోతి పుట్టు పిరికివాడేమీ కాదని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అయినా కావచ్చు, కాకపోయినా కావచ్చు. అతనికి ఆ మాట అవసరమైంది, మనకూ అవసరమే. హెబ్రీ పత్రిక చివర్లో తిమోతికి విడుదల కలిగిందని రాసి ఉంది (13:23). అంటే అతనూ చెర దాకా వెళ్లాడు, పారిపోలేదు.

ఆ వచనంలో శక్తి పక్కనే ప్రేమ, నిగ్రహం ఉన్నాయి. ఈ రోజుల్లో ధైర్యం అంటే గొంతు పెంచడం, వేలు చూపించి గద్దించడం అనుకునే నాయకులు ఎక్కువయ్యారు. ప్రేమ, నిగ్రహం లేని జోరుకు పౌలు చెప్పిన ధైర్యంతో సంబంధం లేదు.

మొదటి మెట్టు: భయానికి పేరు పెట్టండి

"నాకు భయం" అనుకుంటే అది ఎప్పటికీ తగ్గదు. దేనికి భయమో తేల్చుకోవాలి. ఒక కాగితం తీసుకుని, "నేను నోరు తెరిస్తే ఏమవుతుందని భయపడుతున్నాను?" అని రాసి, కింద నిజం రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

మన సంఘాల్లో సాధారణంగా బయటపడేవి ఇవి. చదువు తక్కువ, తప్పులు దొర్లుతాయి. నా పాత జీవితం ఊళ్లో అందరికీ తెలుసు. మా కుటుంబాన్ని మొదటినుంచీ చిన్నచూపు చూశారు, నేను చెబితే ఎవరు వింటారు? ఆడదాన్ని, ముందుకు వస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. ఫలానా పెద్దాయనకు నచ్చకపోతే మా ఇంటితో మాటలు ఆగిపోతాయి. ఒక్కో భయానికి ఒక్కో మందు. చదువు భయానికి సాధన చాలు. పాత జీవితం గురించిన భయానికి క్షమాపణ మీద నమ్మకం కావాలి, బాకీ పడిన మనిషి ఉంటే వెళ్లి సరిచేసుకోవాలి. కులం, కుటుంబ హోదా వల్ల వచ్చిన భయం మీ తప్పు కాదు, అది సంఘం పశ్చాత్తాపపడాల్సిన విషయం. దాన్ని మీ విశ్వాసలోపంగా లెక్క వేసుకోకండి.

నెమ్మదస్తులుగా ఉండటం కూడా లోపం కాదు. తక్కువ మాట్లాడే మనిషి తక్కువ మాటలతోనే మంచి కాపరి కాగలడు. అలాగే, నిలబడగానే చేతులు వణకడం, గుండె దడ మామూలే. కానీ వారాల తరబడి తిండి, నిద్ర చెడి, ఊపిరాడనంత టెన్షన్ వస్తుంటే డాక్టరును కలవండి. అది విశ్వాసం తక్కువైనట్టు కాదు.

రెండో మెట్టు: మీ వరం ఏదో తెలుసుకోండి

భయంలో సగం, మనది కాని పని నెత్తిన వేసుకోవడం వల్ల వస్తుంది. వరం అంటే మైకు అనే అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. రోమా 12:6-8 చదవండి. ప్రవచనం, బోధ, హెచ్చరికతో పాటు పరిచర్య, పంచిపెట్టడం, పైవిచారణ, కరుణించడం కూడా అక్కడ ఉన్నాయి. 1 కొరింథీయులకు 12, ఎఫెసీయులకు 4:11, 1 పేతురు 4:10-11 కూడా పక్కన పెట్టుకుని చదివితే దేవుడు ఎన్ని రకాలుగా పంచాడో తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో దొరికే ప్రశ్నావళి నింపితే కొంత తెలియవచ్చు. మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లను అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది. మొహమాటం లేకుండా మాట్లాడే ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని ఇలా అడగండి: "అక్కా, నేను చేసిన ఏ పని వల్ల నీకు నిజంగా మేలు జరిగింది? ఏ పనిలో నేను ఇబ్బందిపడుతున్నట్టు కనిపించింది?" వాళ్ల జవాబులు ఒకచోట కలిస్తే అక్కడ వరం ఉండే అవకాశం ఎక్కువ. మీకు ఏ విషయంలో భారం కలుగుతుందో కూడా చూసుకోండి. కూడికకు రాని వాళ్ల ఇళ్లే మీ మనసులో మెదులుతుంటే మీది కాపరి మనసు. కానుకల లెక్క తేడాగా ఉంటే మీకు మనశ్శాంతి లేకపోతే పైవిచారణ వరం మీలో పని చేస్తున్నదేమో.

పిరికితనం ప్రతి వరాన్నీ ఒక్కో తీరుగా నొక్కుతుంది. పైవిచారణ చేయాల్సిన పెద్ద, రసీదులు అడిగితే బాగుండదని ఊరుకుంటాడు. కరుణించే వరం ఉన్న అమ్మ ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వస్తుంది. పంచిపెట్టే వరం ఉన్నవాడు, ఇస్తే గొప్ప కోసం ఇచ్చాడంటారేమోనని చేయి వెనక్కి తీసుకుంటాడు.

మూడో మెట్టు: ధైర్యాన్ని అడిగి తీసుకోండి

ధైర్యం కోసం ప్రార్థించడానికి సిగ్గుపడనక్కర్లేదు. పేతురు, యోహానులను యూదుల మహాసభ బెదిరించి పంపినప్పుడు, విశ్వాసులు బెదిరింపులు ఆగిపోవాలని అడగలేదు. వాక్యాన్ని బహు ధైర్యంగా బోధించేలా అనుగ్రహించమన్నారు (అపొస్తలుల కార్యములు 4:29). పౌలంతటివాడు ఎఫెసు సంఘానికి రాస్తూ, తాను ధైర్యంగా మాట్లాడేలా ప్రార్థించమన్నాడు (6:19-20). కొరింథుకు భయంతో, ఎంతో వణకుతో వచ్చానని ఒప్పుకున్నాడు (1 కొరింథీయులకు 2:3). అదే ఊళ్లో రాత్రివేళ ప్రభువు దర్శనంలో "నీవు భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అన్నాడు. పౌలు ఆ ఊళ్లోనే ఏడాదిన్నర ఉండి బోధించాడు.

నివురు గప్పిన నిప్పుని ఊదితే రాజుకున్నట్టే వరం కూడా. కొత్తగా సంపాదించనక్కర్లేదు, ఉన్నదాన్ని రేపాలి. రోజూ చేయగలిగినవి చెబుతాను. మీ వరానికి సంబంధించిన ఒక భాగాన్ని పొద్దున్నే బిగ్గరగా చదవండి. మీకు మొదటిసారి "నీలో ఇది ఉంది" అని చెప్పిన మనిషిని గుర్తు చేసుకుని కృతజ్ఞత చెప్పండి. ఆ రోజు వరాన్ని వాడగలిగే ఒక్క సందర్భం అడగండి. చాలామందిమి శక్తి కోసం గంటలు ప్రార్థిస్తాం కానీ సందర్భం అడగం. సందర్భం ఇమ్మని అడిగితే అది సాయంత్రానికే ఎదురుపడి, మనం నిర్ణయం తీసుకోక తప్పని పరిస్థితి వస్తుంది. అందుకే అడగాలంటున్నాను.

నాలుగో మెట్టు: చిన్న చోట మొదలుపెట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మొదటిసారే ఆదివారం పెద్ద ఆరాధనలో నిలబడకండి. ఇశ్రాయేలు న్యాయాధిపతి గిద్యోను బయలు దేవత బలిపీఠాన్ని పడగొట్టింది రాత్రివేళ, పదిమంది పనివాళ్లను వెంటబెట్టుకుని. పగలు చేయడానికి భయమేసిందని న్యాయాధిపతులు 6:27లో ఉన్నదున్నట్టు రాశారు. దేవుడు ఆ పనిని కాదనలేదు. భయపడుతూ చేసిన విధేయత కూడా విధేయతే.

గృహ కూడికలో ఒక ప్రార్థనతో మొదలుపెట్టి, తర్వాత ఒక సాక్ష్యం, ఆ తర్వాత ఏడెనిమిది నిమిషాల వాక్యం. ఈ వరుసలో రెండు మూడు నెలలు వెళ్లండి. మొదటి వర్తమానం కోసం ఒక చిన్న కాగితం మీద నాలుగే విషయాలు రాసుకోండి: ఏ వచనం, ఆ మాట ఏ పరిస్థితిలో చెప్పారు, ఈ వారం మన ఇంట్లో దాన్ని ఎలా పాటించాలి, దేని కోసం ప్రార్థించాలి. ఒక్క సంగతే చెప్పండి. మూడు సంగతులు చెప్పాలనుకుంటే మూడూ కంగాళీ అవుతాయి. వచనాన్ని ముందురోజు ఇంట్లో అయిదారుసార్లు బిగ్గరగా చదవండి. పేర్ల దగ్గర నోరు తిరగకపోతే అక్కడే తెలిసిపోతుంది.

కూడికలో మీ స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోమని ముందే చెప్పండి. తడబడినప్పుడు ఆ ముఖం చూడండి. "నాకు మాట్లాడటం రాదు, తప్పులుంటే క్షమించండి" అని మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. దాన్ని మానేయండి, అది వినేవాళ్ల దృష్టిని వాక్యం మీద నుంచి మీ మీదకు తిప్పుతుంది. వందనాలు చెప్పి, వచనం చదివి, నేరుగా విషయంలోకి వెళ్లండి. మైకు ఉంటే నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని, మామూలు కన్నా నిదానంగా మాట్లాడండి. చెప్పాల్సింది అయిపోగానే ప్రార్థన చేసి కూర్చోండి.

కరుణించే వరం ఉన్నవాళ్లకు మొదటి మెట్టు ఆసుపత్రి కావచ్చు. వార్డులోకి వెళ్లగానే రోగి పక్కన ఉన్నవాళ్లను "భోజనం చేశారా అమ్మా?" అని అడగండి. కూర్చుని రెండు నిమిషాలు వాళ్లు చెప్పేది వినండి. "ప్రార్థన చేయమంటారా?" అని అడిగి, ఒప్పుకుంటేనే చేయండి. పక్క మంచాల మీద అన్ని మతాలవాళ్లూ ఉంటారు, కాబట్టి గొంతు తగ్గించి క్లుప్తంగా చేయండి. స్వస్థత గురించి మీ సొంత హామీలు ఇవ్వకండి. మందులు మానేయమని పొరపాటున కూడా అనకండి. ధైర్యం పేరుతో ఈ మాట అని ప్రాణాల మీదకు తెచ్చేవాళ్ల గురించి వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య గారు ఈ విషయంలో ఒక మంచి దారి చూపించారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తలమీద చేయి పెట్టించి, "నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనే అర్థం వచ్చే మాట చెప్పించేవారు. చదువు రానివాళ్లు, పొలం కూలీలు, ఊరి చివర బతికేవాళ్లు ఆ మాట చెప్పారు. నోరెత్తడానికి సమాజం ఒప్పుకోని మనుషులకు సంఘం మొదటిరోజే సాక్ష్యం చెప్పే హక్కు ఇచ్చింది.

అయిదో మెట్టు: మీ మాటను పరీక్షకు పెట్టండి

దిద్దేవాళ్లు ఉన్నారని తెలిస్తే భయం తగ్గుతుంది. అంతా నామీదే ఉంది, తప్పు చేస్తే సంఘం పాడైపోతుంది అన్న బరువు దిగిపోతుంది. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే మిగిలినవాళ్లు వివేచించాలని 1 కొరింథీయులకు 14:29లో ఉంది. ఆత్మను ఆర్పవద్దన్న అపొస్తలుడే, ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు (1 థెస్సలొనీకయులకు 5:19-21).

కాబట్టి ప్రార్థనలో ఎవరి గురించైనా ఒక మాట మనసులో మెదిలితే, "దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ఇలా చేయాలి" అనకండి. "తమ్ముడూ, ప్రార్థనలో నీ గురించి ఇలా అనిపించింది. వాక్యంతో సరిచూసుకో, పాస్టరు గారితో కూడా మాట్లాడు" అనండి. పెళ్లి, ఉద్యోగం, ఆస్తి, వైద్యం విషయాల్లో అయితే ఆ మాట ముందు పెద్దల దగ్గరే చెప్పండి. ఇలా చెప్పడం పిరికితనం కాదు, 2 తిమోతి 1:7లోని నిగ్రహం ఇదే.

మిమ్మల్ని దిద్దే ఒక జంటో, ఒక పెద్దో ఉండాలి. అపొల్లో ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడాడు కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల దంపతులు అతన్ని అందరి ముందూ ఆపలేదు. అతన్ని చేర్చుకుని, దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విడమరచి చెప్పారు (అపొస్తలుల కార్యములు 18:26). కూడిక అయిన మర్నాడు మీ వాళ్లను రెండే ప్రశ్నలు అడగండి: "ఏది అర్థమైంది? ఎక్కడ అర్థం కాలేదు?" బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. దానివల్ల ఉపయోగం లేదు.

ఆరో మెట్టు: కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు

వాక్యం చెప్పడం కన్నా ఇది కష్టం. సంఘం డబ్బు లెక్కలు తేలడం లేదు, ఇద్దరు పెద్దల మధ్య మాటల్లేవు, ఒక నాయకుడి ప్రవర్తన బాగాలేదు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. వయసులో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగాం కాబట్టి గొంతు పెగలదు. తిమోతికి పౌలు ఇచ్చిన సలహా మన ఇళ్లకు అచ్చంగా సరిపోతుంది. వృద్ధుణ్ణి గద్దించవద్దు, తండ్రి అనుకుని హెచ్చరించు (1 తిమోతి 5:1). మాట మానేయమనలేదు, చెప్పే తీరు మార్చమన్నాడు.

ముందు ఒంటరిగా కలవండి, మత్తయి 18:15 చెప్పినట్టు. వాట్సాప్‌లో వద్దు, కమిటీలో అసలే వద్దు. పొద్దున పూట ఆయన ఇంటికి వెళ్లి ఇలా అనవచ్చు: "అయ్యగారూ, మీ చేతుల మీదే నేను ఎదిగాను. ఒక విషయం నా మనసులో బరువుగా ఉంది. పోయిన మూడు నెలల కానుకల లెక్క సంఘానికి చదవలేదు. జనం రకరకాలుగా అనుకుంటున్నారు. వచ్చే ఆదివారం చదివితే మీ మీద గౌరవం నిలబడుతుంది. కావాలంటే నేను కూర్చుని రాసిపెడతాను." ఇందులో గౌరవం ఉంది, నిజం ఉంది, చేయూత ఉంది, ఆరోపణ లేదు. ఒంటరిగా చెప్పినా వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి. బలహీనుల మీద అఘాయిత్యం, పిల్లల భద్రత లాంటి విషయమైతే మాత్రం ఈ వరుస కోసం ఆగకండి. వెంటనే బాధితుల్ని కాపాడి, చట్టం ప్రకారం చేయాల్సింది చేయండి.

అజరయ్య గారే 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలకూ భారతీయ పనివాళ్లకూ మధ్య ఉన్న దూరాన్ని వాళ్ల ముఖానే చెప్పారు. మీరు మీ ఆస్తులిచ్చారు, శరీరాలనూ అర్పించారు, మేము ప్రేమ అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. అక్కడున్న కొందరికి ఆ మాట మింగుడు పడలేదు. అంత కఠినమైన నిజం చివరికి స్నేహం అడగడంతో ముగిసింది. ధైర్యంలో ప్రేమ ఎలా కలుస్తుందో చూపించడానికి మన ప్రాంతపు సంఘ చరిత్రలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తడబడితే

తడబడతారు. వచనం గుర్తురాదు, ఎవరో లేచి వెళ్లిపోతారు, ఎవరో నవ్వుతారు. మర్నాడు ఆ మెట్టే మళ్లీ ఎక్కండి, పై మెట్టుకు తొందరపడవద్దు. పౌలు, బర్నబాల సువార్త ప్రయాణంలో తోడుగా వెళ్లిన మార్కు పంఫూలియలో పనిని విడిచి వెళ్లిపోయాడు. అతని విషయంలో పౌలు, బర్నబా వేరుపడేంత తగవు వచ్చింది. బర్నబా అతన్ని వెంట తీసుకెళ్లాడు. చివరికి పౌలే, మార్కును వెంటబెట్టుకురా, పరిచారం నిమిత్తం నాకు ప్రయోజనకరమైనవాడని రాశాడు (2 తిమోతి 4:11).

కాపరులకూ పెద్దలకూ

తిమోతి వస్తే, అతను మీ దగ్గర నిర్భయంగా ఉండేలా చూసుకోమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఎవరూ అతన్ని తృణీకరించవద్దన్నాడు (1 కొరింథీయులకు 16:10-11). ఒక మనిషి పిరికితనం పోవడంలో సంఘానికి కూడా బాధ్యత ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

కొత్తవాళ్లకు వాక్యం ఇచ్చేటప్పుడు కనీసం రెండు వారాల ముందు చెప్పండి, అప్పటికప్పుడు లేపకండి. ఎంతసేపో, ఏ భాగమో స్పష్టంగా చెప్పండి. స్త్రీల సమాజంలో, సండే స్కూల్లో, వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు పాఠశాలలో) ఏళ్ల తరబడి పిల్లలకు నేర్పుతున్న అక్కలకు బోధించే వరం ఉందని అందరి ముందూ చెప్పండి. వాళ్లు మాట్లాడాక మీరు మైకు తీసుకుని అదే విషయాన్ని మళ్లీ ఇరవై నిమిషాలు వివరించకండి. అలా చేస్తే వాళ్లు చెప్పింది చాల్లేదని అందరి ముందూ చెప్పినట్టే. తప్పు ఉంటే ప్రిస్కిల్ల, అకుల లాగా ఇంటికి పిలిచి, భోజనం పెట్టి చెప్పండి. మంచి ఏదైతే ఉందో దాన్ని మాత్రం ఆ పూటే, ఆ కూడికలోనే, పేరు పెట్టి చెప్పండి. తర్వాతి కూడిక తేదీ కూడా అప్పుడే ఇచ్చేయండి.